ఆకు రాలాకే పూత: అనంతపురం బీళ్లలో వసంతం

అనంతపురం సీమకు వసంతాన్ని వాన తీసుకురాదు. వానలు ఆగి రెండు మూడు నెలలు గడవాలి. వంకలు ఎండాలి, చెరువులు అడుగంటాలి, బీడులో గడ్డి పచ్చదనం పోయి, పసుపుదనమూ పోయి, బూడిద రంగుకు తిరగాలి. అప్పుడు, మహాశివరాత్రి ప్రాంతానికి, గుట్టల మీద ఒక్క ఆకైనా లేని కొండగోగు కొమ్మల చివర అరచేతి వెడల్పు పసుపు పూలు విచ్చుకుంటాయి. ఆ వెనకే మోదుగు. ఉగాదికి వేప, ఆ తర్వాత కానుగ, ఎండలు ముదిరేసరికి రేల. తొలకరి జల్లుకు ఇంకా వారాల గడువు ఉండగానే ఈ చెట్లలో చాలావాటి పూత ముగిసిపోతుంది.

పువ్వు చెట్టుకు తేలిగ్గా దొరికేది కాదు. మెత్తటి రేకులు, తేనె, పుప్పొడి, ఆ తర్వాత కాయ, అన్నీ నీటితోనే తయారవ్వాలి. ఆ నీరు అతి తక్కువగా ఉండే నెలల్నే ఈ చెట్లు ఎందుకు ఎంచుకున్నాయి? అసలు ఆ నీరు వాటికి ఎక్కడిది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు దొరికితే, మనం బంజరు అని పక్కన పెట్టేసిన నేల మీద ఫాల్గుణ, చైత్ర మాసాల్లో ఎంత పని జరుగుతోందో అర్థమవుతుంది.

ముందు వాన లెక్క చూద్దాం. 2022లో అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాలుగా విడిపోయిన పాత అనంతపురం జిల్లాకు ఏడాదికి సగటున పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. రాష్ట్రంలోని పాత జిల్లాల్లో ఇంతకన్నా తక్కువ పడేది లేదు. అందులో పదింట ఆరు పాళ్లు నైరుతి రుతుపవనాలవి, మూడు పాళ్లకు కొంచెం తక్కువ ఈశాన్యానివి. పడమటి కనుమలు నైరుతి మేఘాన్ని అవతలే పిండేస్తాయి. తూర్పున బంగాళాఖాతం దూరం, కాబట్టి ఈశాన్యం వచ్చేసరికి దాని బలమూ తగ్గిపోతుంది. జనవరి నుంచి మార్చి దాకా చెప్పుకోదగ్గ వాన ఉండదు. మరోవైపు ఇక్కడి ఎండకూ గాలికీ ఏడాదిలో ఆవిరై పోగల నీరు, పడే వానకు మూడింతలు.

అయినా శాస్త్రం లెక్కలో ఇది ఎడారి కాదు. ఏడాదికి 250 మిల్లీమీటర్ల లోపు పడే చోటును సాధారణంగా ఎడారి అంటారు. అనంతపురం పాక్షిక శుష్క మండలం. ఈ తేడా పూలలోనూ కనబడుతుంది. చిలీలోని అటకామాలో, కాలిఫోర్నియా ఎడారుల్లో వసంతపు పూలంటే చిన్న మొక్కల పూలు. అక్కడ కొన్నేళ్లకోసారి వాన బాగా పడితే ఇసుకలో నిద్రిస్తున్న విత్తనాలు ఒక్కసారిగా లేచి నేలంతా రంగులు పరుస్తాయి. 2015లో అటకామా అలా పూసినప్పుడు ఆ బొమ్మలు ప్రపంచమంతా చూసింది. మన దగ్గర వరస వేరు. చిన్న మొక్కలు పూసేది వానల్లోనూ, వానలు వెనకబట్టిన రోజుల్లోనూ. గునుగు, తుమ్మి, విష్ణుక్రాంతం, పల్లేరు, వెంపలి లాంటివన్నీ అప్పటివి. చైత్రం చెట్లది. అంటే ఈ సీమకు పూతకాలాలు రెండు, ఒకటి తడిది, ఒకటి పొడిది. పొడి పూత గురించే ఎక్కువ చెప్పుకోవాలి. దాని వెనకున్న యుక్తి అంత గొప్పది.

చెట్టులోని నీరు బయటికి పోయే ప్రధాన మార్గం ఆకు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును తీసుకోవాలంటే ఆకు తన పత్రరంధ్రాలు తెరవాలి. తెరిస్తే లోపలి నీరు ఆవిరైపోక తప్పదు. మాఘమాసానికి ఎర్రనేల పైపొరలో తేమ ఉండదు. అప్పుడు ఆకుల్ని ఉంచుకుంటే చెట్టుకు రాబడి కన్నా నష్టమే ఎక్కువ. అందుకని అది ఆకులోని నత్రజని, భాస్వరం వంటి పోషకాల్లో కొంత భాగాన్ని కొమ్మల్లోకి వెనక్కి తీసుకుని, కాడ మొదట్లో ఒక పొర కట్టి, ఆకును విడిచేస్తుంది. దాంతో నీరు పోయే దారి మూసుకుపోతుంది. వేళ్లు మాత్రం లోతులోంచి కొద్దికొద్దిగా నీటిని తోడుతూనే ఉంటాయి. కొన్నాళ్లకు కాండంలో, కొమ్మల్లో నీటి పాలు మళ్లీ పెరుగుతుంది. మొగ్గ విచ్చుకోవడానికి కావలసింది ఆ నీరే. బయటి నేల ఎండుతున్న కొద్దీ చెట్టు లోపల తడి కూడుకుంటోందన్నమాట. ఆకు రాలడం చెట్టు చావుకు గుర్తని అనుకుంటాం. పూతకు అది తొలి మెట్టు.

కాన్సస్ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రజ్ఞుడు రోల్ఫ్ బోర్చర్ట్ కోస్టారికాలోని పొడి అడవుల్లో చెట్ల కాండాల్లోని నీటి స్థితిని కొలిచి, 1994లో ఈ సంగతి వివరంగా రాశాడు. అక్కడి చెట్లు వేరు, సూత్రం మాత్రం మన గుట్టలకూ వర్తిస్తుంది. తేలికపాటి, మెత్తటి కలప గల చెట్లు తమ కాండంలోనే నీరు నిల్వ చేసుకుంటాయి. అవి నేల తేమతో పని లేకుండా నడి ఎండలోనైనా పూయగలవు. మన కొండగోగు, బూరుగు ఆ జాతివి. గట్టి కలప చెట్ల కాండంలో అంత చోటు ఉండదు. అవి వేళ్లు లోతైన నీటిని అందుకున్న చోటనే వేసవిలో చిగురిస్తాయి. ముచ్చుకోట అడవుల వైపు కనబడే నారేపి చెట్టు తల్లివేరును బండ పగుళ్లలోంచి ఎంతో లోతుకు దింపుతుంది. దాని చిగురు వేసవిలో వచ్చినా పూత వానాకాలానికే. వంకల పక్కన కానుగ మండుటెండలో లేతాకుపచ్చగా మెరుస్తోందంటే, ఆ వంక అడుగున ఇంకా నీరుందని అర్థం.

ఎప్పుడు పూయాలో చెట్టుకు తెలిసేదెలా? పగటి నిడివి మార్పు ఒక గుర్తు. అనంతపురం అక్షాంశంలో డిసెంబరు పగటికీ జూన్ పగటికీ తేడా దాదాపు గంటా ముప్పావు మాత్రమే. ఆ కొద్దిపాటి మార్పునూ కొన్ని ఉష్ణమండల వృక్షాలు పసిగట్టగలవు. ఏటా వాన తేదీలు మారినా కొన్ని చెట్లు ఇంచుమించు అదే వారంలో పూయడానికి ఇది ఒక కారణం.

ఇక ఎందుకన్న ప్రశ్న. మోడు మీద పూసిన పువ్వును దాచే ఆకు లేదు కాబట్టి, దూరాన ఎగిరే పక్షికి అది తేలిగ్గా కనబడుతుంది. ఇప్పుడు పూస్తే వైశాఖ జ్యేష్ఠాలకు కాయ పగులుతుంది. ఆకుల అడ్డు లేని అడవిలో బూరుగు దూదీ, కొండగోగు దూదీ గాలికి దూరాలు పోగలవు. విత్తనం నేల మీద పడిన కొద్ది రోజులకే తొలకరి వస్తుంది. మొలకకు ఆ ఏటి వానంతా దక్కుతుంది. వానలు వచ్చాక పూసి, శీతాకాలంలో విత్తనం రాల్చిన చెట్టు మొలకకు ఆ అదృష్టం ఉండదు. నాలుగు నెలల వానకాలం ఉన్న చోట ఒక్క నెల ఆలస్యమైనా ఎంత నష్టమో ఈ సీమ రైతుకు వేరే చెప్పనక్కర్లేదు.

పిట్టలూ తుమ్మెదలూ

మోదుగు పువ్వు ఆకారమే పిట్ట కోసం తీర్చినట్టు ఉంటుంది. మందమైన కాషాయరంగు రేకులు, వంపు తిరిగిన దోనె, దాని అడుగున తేనె. ఢిల్లీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు రాజేశ్ టాండన్, కె.ఆర్. శివన్న, హెచ్.వై. మోహన్‌రామ్ ఈ చెట్టు పరాగసంపర్కాన్ని పరిశీలించి 2003లో ప్రచురించారు. పూల దగ్గరికి ఏడు రకాల పక్షులు వచ్చినా, పుప్పొడిని సరిగ్గా మోసుకెళ్లే పిట్ట ఒక్కటే అని తేలింది. అది నల్లటి ఊదారంగులో మెరిసే చిన్న తేనెపిట్ట. దానితోపాటు వీపు మీద చారలున్న మన ఉడుత కూడా ఆ పని చేస్తుంది. మిగతావి తేనె తాగుతాయి, కొన్ని రేకులు చించేస్తాయి, చెట్టుకు పెద్దగా ఉపకారం చేయవు. ఆ చిన్న పిట్ట తగ్గిపోతే మోదుగు పూయడం మానదు గానీ కాయ పట్టడం తగ్గుతుంది. పూత చూసి అడవి బాగుందనుకోవడం ఎందుకు సరిపోదో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

బూరుగు పూల దగ్గర సందడి ఇంకా ఎక్కువ. కాకులు, గోరువంకలు, ఏట్రింతలు, వాటితోపాటు ఒళ్లు లేత గులాబి, తల నలుపు రంగులో ఉండే గులాబి గోరువంకల గుంపులు. ఈ చివరివి మనవి కావు. మధ్య ఆసియా గడ్డి మైదానాల్లో మిడతలు విస్తారంగా దొరికే మే, జూన్ నెలల్లో పిల్లల్ని పెంచి, వేసవి ముగియకముందే మన దేశం దారి పడతాయి. చలికాలమంతా ఇక్కడి జొన్నచేలూ, మర్రిపళ్లూ, చివర్లో ఈ పూలతేనే వాటి తిండి. ఏప్రిల్‌లో అవి వేల మైళ్ల తిరుగు ప్రయాణానికి కావలసిన కొవ్వును ఒంట్లో చేర్చుకోవాలి. అప్పటికి జొన్న కోతలు అయిపోయి ఉంటాయి. ఆకులేని ఈ చెట్ల తేనె వాటి దారిబత్తెంలో ఒక భాగం.

కొండగోగుది వేరే పద్ధతి. దాని పువ్వులో తేనె లేదు. పుప్పొడి ఒక్కటే ఆకర్షణ. అదీ బయటికి కనబడదు, కేసరాల చివర సన్నటి రంధ్రాల వెనక దాగి ఉంటుంది. నల్ల తుమ్మెద వచ్చి పువ్వును కాళ్లతో గట్టిగా పట్టుకుని, రెక్కలు ఆడించకుండానే ఛాతీ కండరాలను వేగంగా కంపింపజేస్తుంది. ఆ అదురుకు పుప్పొడి రంధ్రాల్లోంచి చిమ్ముకొస్తుంది. తేనెటీగకు ఈ విద్య రాదు. చెట్టు కింద నిలబడి చెవి ఒగ్గితే తేడా వినబడుతుంది. ఎగిరేటప్పుడు తుమ్మెద ఝుంకారం మంద్రంగా ఉండి, పువ్వు మీద వాలాక ఒక్కసారిగా పైస్థాయికి లేస్తుంది. తంగేడు, రేల కూడా ఇదే పద్ధతి పాటిస్తాయి. పశువులు పెద్దగా మేయని తంగేడు, మేత ఎక్కువైన బీళ్లలోనూ నిలిచి, ఏడాదిలో చాలా నెలలు పూస్తూ తుమ్మెదలకు బతుకు ఇస్తోంది. కొండగోగు పూసే రోజులకు ఆ తుమ్మెదలు ఉండాలంటే మిగతా నెలల్లో తంగేడు ఉండాలి.

సాయంత్రం వేళ గుట్ట దిగువన నడిస్తే మల్లెను తలపించే వాసన వస్తుంది. అది ముళ్ల కలివి పొదల తెల్లపూల వాసన. వేప పూత వాసన కూడా రాత్రికే చిక్కబడుతుంది. మండే పగళ్లున్న చోట రాత్రి తిరిగే పురుగుల కోసం పూయడం కూడా ఒక తెలివి.

నేల కింద సంగతి కొంత చెప్పాలి. రాళ్ల బీడులో ఏ పచ్చదనమూ లేని చోట, మండువేసవిలో, ఆకు లేని ఒంటరి కాడ ఒకటి నేలలోంచి నిటారుగా లేచి బూడిద గోధుమ రంగు గంటల్లాంటి పూలు పూస్తుంది. అది నక్క ఉల్లిగడ్డ. నిరుటి వానలో ఆకులు సంపాదించినదంతా గడ్డలో దాచుకుని, ఆ నిల్వతోనే పూత ముగించి, వాన వచ్చాక తీరిగ్గా ఆకులు వేస్తుంది. గొర్రెల కాపరులు ఉప్పుతో నంజుకు తినే కుందేటి కొమ్ములు ఇంకో రకం. అది ఆకులే లేని కండకాడ. పగలంతా రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి వాయువును పట్టి, ఆమ్లం రూపంలో దాచి, తెల్లారాక ఎండతో పని చేయించుకుంటుంది. కలబంద, నాగజెముడు చేసేదీ ఇదే.

వానాకాలపు చిన్న మొక్కల విత్తనాలు మాత్రం ఈ నెలలన్నీ మట్టిలో ఎదురుచూస్తూ ఉంటాయి. తొలి జల్లు పడగానే అవన్నీ మొలవవు. జూన్‌లో వాన పడిందని ఉన్న విత్తనమంతా చల్లేసి, తర్వాత నెలరోజులు చినుకు లేక నష్టపోయిన రైతు ఈ సీమలో ప్రతి ఊళ్లో ఉంటాడు. ఈ మొక్కల విత్తనాలు ఆ పొరపాటు చేయవు. ఒకే మొక్క విత్తనాల్లో కొన్ని ఈ ఏడు మొలుస్తాయి, కొన్ని మరో ఏటికి ఆగుతాయి. ఎంత అనిశ్చితమైన వానకు ఎంత భాగం విత్తనాన్ని ఆపుకోవడం లాభమో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త డాన్ కోహెన్ 1966లో గణితంతో చూపాడు. అరిజోనాలోని టూసాన్ దగ్గర 1982 నుంచి ఏటా మొలకలు లెక్కించి లారీ వెనబుల్ ఆ లెక్క నిజమేనని నిరూపించాడు. మనకు బీడుగా కనబడే నేలలో వచ్చే ఏళ్ల పూలన్నీ విత్తనాలుగా ఉన్నాయి. దున్నినా, తవ్వి తరలించినా పోయేది ఆ నిల్వే.

కరువులో గూడు

ఎండలు ముదిరే కాలంలో పిల్లల్ని పెంచే పక్షులు ఇక్కడ ఎన్నో. పాలపిట్ట మగది ఆకాశంలోకి లేచి, నీలి రెక్కలు మెరిపిస్తూ పల్టీలు కొట్టేది ఈ రోజుల్లోనే. చిత్రావతి, పెన్న ఒడ్డుల ఇసుక గట్లలో పసిరిక పిట్టలు సొరంగాలు తవ్వి గుడ్లు పెడతాయి. గట్టు లోపల పగటి వేడి అంతగా చేరదు. ముక్కు పక్కన పసుపు తోలు వేలాడే తీతువు మాత్రం గూడు కూడా కట్టదు. రాళ్ల మధ్య నేల మీదే మట్టి రంగు గుడ్లు పెట్టి ఎండకు ఎదురు నిలుస్తుంది. మధ్యాహ్నం నేల కాలిపోతున్నప్పుడు దగ్గరున్న నీటికి వెళ్లి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. ఆ తడి ఆరుతూ గుడ్లను చల్లబరుస్తుంది.

ఈ విద్యలో ఆరితేరినది జాము పోలంక. ఉదయం కాస్త పొద్దెక్కాక ఏదైనా కుంట దగ్గర ఓపిగ్గా కూర్చుంటే, గుంపులుగా వేగంగా ఎగిరొచ్చి, నీళ్లు తాగి, క్షణాల్లో వెళ్లిపోయే ఇసుక రంగు పక్షులు ఇవి. తినేది ఎండు గింజలే కాబట్టి రోజూ నీరు కావాలి. పిల్లలు ఎగరలేవు, కుంట చాలా దూరం. అందుకని మగపక్షి నీటిలో దిగి పొట్ట ఈకలు బాగా తడుపుకుని, ఆ నీటిని పిల్లల దగ్గరికి మోసుకెళుతుంది. పిల్లలు ఈకలను ముక్కుతో చీకి తాగుతాయి. మీడ్-వాల్డో అనే ఆంగ్లేయుడు తాను పెంచిన పక్షుల్లో ఇది చూసి 1896లో రాస్తే చాలామంది నమ్మలేదు. 1967లో కేడ్, మెక్లీన్ అనే ఇద్దరు కలహారి ఎడారిలో కొలతలతో నిరూపించారు. అక్కడి జాతి మగపక్షి దాదాపు 25 మిల్లీలీటర్ల నీరు పట్టగలదు. పొట్ట ఈకల పోగులు పొడిగా ఉన్నప్పుడు చుట్టుకుని ఉంటాయి, తడవగానే విప్పుకుని నిలబడి నీటిని తమ మధ్య పట్టి ఉంచుతాయి. 2023లో అమెరికా పరిశోధకులు సూక్ష్మదర్శినుల కింద ఆ పోగుల కదలికను స్పష్టంగా చూపించారు. మన కుంటలు పూడిపోతే ఈ పక్షి ఎండకు చావదు. దాని పిల్లలకు నీరు మోసే దూరం ఓపికకు మించిపోతుంది.

నీళ్లు తగ్గడమే వరమైన పక్షులూ ఉన్నాయి. కర్ణాటక సరిహద్దులో చిలమత్తూరు మండలం వీరాపురానికి ఏటా చలికాలంలో పెయింటెడ్ స్టార్క్ అనే ఎర్రకాళ్ల కొంగలు వందల్లో వచ్చి, ఊరి మధ్య చింతచెట్ల మీద గూళ్లు కట్టి, వానాకాలం మొదలయ్యేదాకా పిల్లల్ని సాకుతాయి. ఊళ్లో వీటిని సైబీరియా పక్షులంటారు. ఇవి సైబీరియావి కావు, భారత ఉపఖండం, ఆగ్నేయాసియా దాటి వెళ్లవు. మన చెరువుల మధ్యనే తిరుగుతూ, గుడ్లు పెట్టడానికి ఈ ఊరిని ఎంచుకున్నాయి. ఈశాన్య వానలకు చేరిన చెరువు నీరు ఫిబ్రవరి నుంచి తగ్గుతుంది. నీరు తగ్గిన కొద్దీ చేపలు తక్కువ చోట గుమిగూడతాయి. ముక్కును నీటిలో అటూఇటూ తిప్పి తగిలిన చేపను పట్టే ఈ కొంగకు అదే మంచి వేట. పిల్లలకు తిండి ఎక్కువగా కావలసిన నెలలూ అవే. మధ్యాహ్నం తల్లి రెక్కలు చాపి పిల్లల మీద నీడ పడేట్టు నిలబడుతుంది. ఈ పక్షులకు బెదురు కలగకూడదని వీరాపురం వాళ్లు టపాకాయలు మానుకున్నారు. ఊరి మధ్య చెట్ల కింద రెట్టా వాసనా భరిస్తూ తరాలుగా ఈ పక్షుల్ని కాచుకొస్తున్న వాళ్ల ఓర్పుకు మనమందరం చేతులెత్తి మొక్కాలి.

కదిరి దగ్గర గూటిబైలులో తిమ్మమ్మ మర్రిమాను ఉంది. దాదాపు అయిదెకరాల మేర పరుచుకుని 1989లో గిన్నిస్ పుస్తకంలో చేరిన మాను అది. చుట్టూ పళ్లు లేని కాలంలో మర్రి పండుతుంది కనుక కంసాలి పిట్టలు, కోయిలలు, గోరువంకలు వేసవిలో అలాంటి మాన్లనే నమ్ముకుంటాయి.

పెనుకొండ వైపు నుంచి దక్షిణంగా నంది కొండల దాకా, తూర్పున హార్సిలీ కొండల దాకా గుండ్లు పేర్చినట్టున్న కొండల మీద పసుపు గొంతు పికిలి పిట్ట ఉంటుంది. బూడిదరంగు ఒళ్లు, పసుపు తల. డాక్టర్ టి.సి. జెర్డాన్ 1845లో దీన్ని శాస్త్రానికి పరిచయం చేశాడు. దక్షిణ భారతంలోని ఇలాంటి రాతికొండల మీద తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. బండల సందుల్లోని పొదలూ, వాటి పళ్లూ దాని ఇల్లు. గ్రానైట్ కోసం కొండను కోసుకుపోతే ఈ పిట్ట వెళ్లడానికి వేరే చోటు లేదు.

అనంతపురం పేరు పక్షిశాస్త్ర చరిత్రలో నిలిచింది మరో పక్షి వల్ల. అది కలివికోడి. 1848లో పక్షిశాస్త్రవేత్త బ్లైత్ పేరు పెట్టి వర్ణించిన ఈ రాత్రించర పక్షిని 1900లో హోవర్డ్ కాంప్‌బెల్ అనే మిషనరీ అనంతపురం దగ్గర చూశాడు. ఆ తర్వాత 86 ఏళ్లు ఎవరికీ కనబడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం సమీపంలో, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతుకుతున్నప్పుడు ఒక స్థానికుడి చేతికి రాత్రివేళ అది చిక్కింది. దాని కోసమే 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఆ పక్షికి దట్టమైన అడవి పనికిరాదు, ఒట్టి మైదానమూ పనికిరాదు. కలివి, రేగు లాంటి ముళ్లపొదలు, వాటి మధ్య నడిచేందుకు ఖాళీ నేల, రెండూ సమపాళ్లలో కావాలి. 1900లో అనంతపురం చుట్టూ అలాంటి నేల ఉండేదన్న మాట ఈ జిల్లా వాళ్లు గుర్తుపెట్టుకోవలసింది.

బంజరన్న ముద్ర

ఈ నేలకు వచ్చిన ఆపద కరువు కాదు. కరువుతో కలిసి బతకడం ఇక్కడి జీవులు ఏనాడో నేర్చుకున్నాయి. 2000 సంవత్సరంలో కేంద్ర భూవనరుల శాఖ, హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ కలిసి దేశపు బంజరు భూముల అట్లాసు ప్రచురించాయి. పొదలున్న నేల అందులో బంజరు కిందే లెక్క. పైన చెప్పిన జీవనమంతా ఆ ఒక్క గడిలో ఉంది. బంజరు అన్న ముద్ర పడ్డాక ఆ నేలను దేనికిచ్చినా నష్టం లేదనిపిస్తుంది. సౌరవిద్యుత్తు మనకు కావాలి. నంబులపూలకుంట సోలార్ పార్కు లాంటివి అవసరమే. కానీ చోటు ఎంచేటప్పుడు పంట మానేసి ఏళ్లయిన చేనుకూ, ఎన్నడూ నాగలి తగలని బీడుకూ మధ్య తేడా చూడాలి. ఇప్పుడు ఆ తేడా కాగితాల మీద లేదు.

పచ్చదనం పేరుతో చేసిన పని కూడా హాని చేసింది. ఇప్పుడు సీమంతా పరుచుకున్న సర్కారు తుమ్మ మొదట జమైకా నుంచి తెప్పించిన విత్తనంతో 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటినది. వంటచెరకు కొరత తీర్చాలన్న సదుద్దేశంతో తెచ్చారు. అది కట్టె ఇచ్చింది, బొగ్గు ఇచ్చింది, పేదల పొయ్యి వెలిగించింది. దాంతోపాటు చెరువు గర్భాలు, వంకలు, తెరిపి బీళ్లు అన్నీ మూసేసింది. గుబురు కింద గడ్డి లేదు, నడిచే పక్షికి దారి లేదు. నల్లరేగడి మైదానాల్లోని బట్టమేక పక్షి కథ మరీ విషాదం. పూర్వపు కర్నూలు జిల్లా రోళ్లపాడులో 1988లో అభయారణ్యం పెట్టినా, అక్కడ ఇప్పుడు ఆ పక్షి దాదాపుగా కనబడదు. గడ్డినేల చెట్లు లేక పాడైన అడవి కాదు. అక్కడ గుంతలు తీసి మొక్కలు నాటితే బట్టమేకకూ, పిల్లిగద్దలకూ, కృష్ణజింకకూ ఇల్లు పోయినట్టే.

నిజంగా ఎడారి మొహం చూడాలంటే రాయదుర్గం దాటి కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాలకు వెళ్లాలి. హగరి నది పొడి ఇసుకను నైరుతి గాలి ఎత్తుకొచ్చి పొలాల మీద దిబ్బలుగా పోస్తోంది. ఆ దిబ్బల అంచున ఇసుకను వేళ్లతో పట్టుకుని నిలబడేవి జిల్లేడు, వెంపలి, పల్లేరు, గడ్డి దుబ్బులు. మనం కలుపు అనీ పిచ్చిమొక్కలనీ పీకేసేవే అక్కడ ఊళ్లకు కాపలా. బీడును బీడుగా ఉంచడం ఎందుకో ఎవరికైనా అనుమానముంటే ఆ దిబ్బల అంచున ఒక ఉదయం నడిస్తే తీరిపోతుంది.

ఈ సీమ పూల తేదీలు రాసినవాళ్లు తక్కువ. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం నుంచి టి. పుల్లయ్య, ఆయన సహచరులు అనంతపురం జిల్లా వృక్షసంపదను పుస్తకంగా నమోదు చేశారు, అది గొప్ప పునాది. ఏ చెట్టు ఏ ఏడు ఏ వారంలో పూసిందన్న లెక్క మాత్రం ఊరూరా ఎవరికి వారు రాస్తేనే వస్తుంది. వేడి పెరుగుతున్న కొద్దీ పూత ముందుకు జరిగి, తేనెపిట్టా తుమ్మెదా వెనకబడితే ఆ సంగతి ఆ లెక్కలోనే బయటపడాలి. సీజన్‌వాచ్ అనే దేశవ్యాప్త కార్యక్రమంలో ఎవరైనా చేరవచ్చు. మీ బడి ముందున్న వేపనో, పొలం గట్టు కానుగనో, గుట్ట మీది మోదుగునో ఒకదాన్ని ఎంచుకుని వారానికోసారి ఆకు, పూత, కాయ ఎంత ఉన్నాయో రాస్తే చాలు. ఉపాధ్యాయులు పిల్లల చేత ఈ పని మొదలుపెట్టించండి. వీరాపురం వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, చెట్ల కింద గట్టిగా మాట్లాడకండి. మీ ఊరి గ్రామసభలో బీడు భూమి మాట వచ్చినప్పుడు, అందులో ఏం పూస్తుందో, ఏం గుడ్లు పెడుతుందో చెప్పేవాళ్లు ఒక్కరైనా ఉండాలి. ఆ ఒక్కరు మీరే కండి.